యంత్రమునకు గూడు
(షోలాపురమున మన సంఘ సభయందు చదివిన ప్రసంగ పాఠము)



గడచిన సభలో ఒక పెద్దలు మమ్ము నిలిపి, "ఆటలాడు కంప్యూటరునకు పెట్టె చేయుటకు మీ తాతగారి మగ్గమును కోసినారట, నిజమేనా?" అని యడిగిరి. నిజమే. కోసితిమి. ఆ దినమున మేము తల వంచుకొని యూరకుంటిమి. ఒక్క మాటలో చెప్పదగిన సమాధానము కాదు గనుక నేడు సమయము అడిగి పుచ్చుకొంటిమి. మేమనగా మా యింటి అన్నదమ్ములము ముగ్గురము, మా పెదతండ్రిగారు, ఆ పిల్లవాడు.

మొదట ఆ యంత్రమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. ఆఫీసులలో జాబులు వ్రాయు కంప్యూటరు వేరు, ఈ ఆటల కంప్యూటరు వేరు. సామాన్యమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. అనగా ఇరువది లక్షలకు పైబడిన చుక్కలు. ఆట నడచునపుడు ప్రతి చుక్కకును రంగు లెక్క కట్టి, సెకనుకు 60 మారులు, ఒక్కొక్కచో 144 మారులు తెరను క్రొత్తగా చిత్రించవలెను. ఈ పని చేయునది గ్రాఫిక్స్ కార్డు. అది త్రాగు విద్యుత్తు యావత్తు తుదకు వేడియగును. మరియొక గతి లేదు. 2022లో వెలువడిన ఆర్‌టీఎక్స్ 4090 అను కార్డు ఒక్కటియే 450 వాట్లు పుచ్చుకొనును. మన యిండ్లలో బట్టలకు వేయు ఇస్త్రీపెట్టె 1000 వాట్లు. దానిలో సగము వేడిని ఒక చిన్న పెట్టెలో మూసియుంచి, పక్కనే కూర్చుండి గంటల తరబడి ఆడుకొనవలెనన్నమాట. మా పిల్లవానిది అంత గొప్ప కార్డు కాదు, 220 వాట్లది. ప్రాసెసరు మొదలగునవి కలిపి యంత్రమంతయు 400 వాట్లు.

బజారులో దొరకు పెట్టెను మనవారందరు కేబినెట్టు అనుచున్నారు. అది ఒక కొలతకు లోబడియున్నది. 1995లో ఇంటెల్ కంపెనీవారు ఏటీఎక్స్ అను కొలతను ప్రకటించిరి. దాని ప్రకారము మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు. స్క్రూ రంధ్రములెచ్చట నుండవలెనో, వెనుకవైపు తీగెలు తగిలించు కిటికీ యెచ్చట నుండవలెనో అన్నియు నిర్ణయింపబడినవి. అచ్చుకు తగిన పడుగువలె, ఎవరు చేసిన బోర్డైనను ఎవరు చేసిన పెట్టెలోనైనను కూర్చుండును. 2001లో తైవాను దేశపు వియా కంపెనీవారు 170 మిల్లీమీటర్ల చదరపు బోర్డును తెచ్చిరి. దానిని మినీ ఐటీఎక్స్ అందురు. ఈ కొలతలు బహిరంగముగా నున్నందుననే ఇంట కూర్చుండి పెట్టె చేయుట సాధ్యమైనది. గుత్తగా ఒకరి చేతిలో నుండినచో మేమును చేయలేకపోయెడివారము, మా మగ్గమును మిగిలియుండెడిది!

అమెరికాలోను ఐరోపాలోను యువకులు 1990ల చివరనుండియు ఈ పనికి పూనుకొనిరి. తెల్లబోయిన రేకు పెట్టెల పక్కను కోసి గాజు బిగించుటతో ఆరంభమై, తామే పెట్టెలు గీసి చేయించుకొనువరకు వచ్చినది. 2013లో ఇద్దరు ఔత్సాహికులు, ఏ కంపెనీకిని చెందనివారు, తాము గీసిన చిన్న పెట్టెకు ప్రజలనుండి ముందుగా సొమ్ము పోగుచేసి, తైవానులోని లియాన్ లీ కార్ఖానాలో చేయించిరి. ఎన్‌కేస్ ఎం1 అని దాని పేరు; లోపలి జాగా 12.6 లీటర్లు మాత్రమే, అనగా ఒక బిందె కంటె చిన్నది. అందులో పెద్ద యంత్రమునకు గల బలమంతయు ఇమిడినది. 2022లో స్వీడను దేశపు ఫ్రాక్టల్ కంపెనీవారు ముందువైపు వాల్‌నట్ కర్ర బద్దలు అమర్చిన కేబినెట్టును తెచ్చిరి. మా పిల్లవాడు దాని చిత్రమును చూచియే పిచ్చియెత్తినవాడైనాడు. కర్ర బద్దల నడుమ నున్న సందులను మాత్రము వాడు చూడలేదు, మేమును చూడలేదు. మా కథయంతయు ఆ సందులలోనే యున్నది.

మా తాతగారి గుంట మగ్గము ఇంటి వెనుక రేకుల కొట్టములో నలువది యేండ్లుగా మూలబడియుండెను. సాంచాలు వచ్చిన పిమ్మట దానిపై ఎవరును కూర్చుండలేదు. టేకు కర్ర, కొంత భాగమును చెదలు తినినవి, మిగిలినది ఇనుమువలె నుండెను. కోయవచ్చునా అని పెదతండ్రిగారిని అడుగుటకు మా కెవ్వరికిని నోరు రాలేదు. పిల్లవాడే అడిగెను. ఆయన రెండు దినములు పలుకలేదు. మూడవనాడు తామే రంపము చేతికిచ్చిరి. రెండు పెట్టెలకు మించి రాదని కర్రను కొలిచి చెప్పిరి గూడ.

మొదటి పెట్టెను మేము మిక్కిలి అందముగా చేసితిమి. మూలలు పావురపు తోకవలె కూర్చి, నునుపు దేల్చి, మైనము పూసి, ముందరి ముఖమున నిండు గాజు బిగించితిమి. చూచినవారందరు దేవుని మందసమువలె నున్నదనిరి. లోపల రంగురంగుల దీపములును పెట్టిరి. పెండ్లిపందిరి వలె మిణుకుమిణుకుమను ఆ దీపములు మాకు ఇష్టము లేదు గాని, అది వేరు సంగతి. జనవరి, ఫిబ్రవరులలో బాగుగనే నడచినది. ఏప్రిలు చివర పిల్లవాడు ఆట నడుమ "తిత్తి తిత్తిగా పోతున్నది" అనసాగెను. మే నెలలో గదిలో 38 డిగ్రీలుండగా, కార్డు 83 డిగ్రీల వద్ద తన వేగమును తానే తగ్గించుకొనెను. మరునాడు ప్రాసెసరు నూరు డిగ్రీలకు చేరి యంత్రము దానంతట నదే ఆరిపోయెను. వస్తువులకు లక్షకు పైగా సొమ్మైనది. అందులో సగము వాడు రెండేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టినది. వాడు ఎవరితోను మాటాడక పెట్టెపై గుడ్డ కప్పి తొలగిపోయెను. తాతగారి మగ్గమును వృథాచేసితినను మాటను వాడు మాతో అనలేదు, తల్లితో అనెనట.

మేము ముగ్గురము కలిసి పెద్ద ఫ్యానులు కొందమని తలచితిమి. పెదతండ్రిగారు ముప్పదియేండ్లు సాంచాల మరమ్మతు చేసినవారు. కంప్యూటరు మీట నొక్కి యెరుగరు. ఆయన ఒక అగరువత్తి వెలిగించి యంత్రమును నడిపింపుమనిరి. పొగను ముందర గాజు వద్ద పట్టిరి, కదలలేదు. పక్క సందు వద్ద పట్టిరి. పొగ లోనికి పోయెను. వెనుక ఫ్యాను వద్ద పట్టగా, బయటకు వచ్చిన పొగయే గోడకు తగిలి, మరలి, ఆ పక్క సందునుండియే మరల లోనికి దూరుచుండెను. యంత్రము తాను విడిచిన ఊపిరినే తాను పీల్చుచున్నది! "గాలికి బాట కావాలె బిడ్డా, పెట్టె తర్వాత" అని ఆయన యనిరి.

తరువాత లెక్క వేసి చూచితిమి. 400 వాట్ల వేడిని గాలి పది డిగ్రీలకు మించి వేడెక్కకుండ మోసికొనిపోవలెనన్నచో సెకనుకు సుమారు 35 లీటర్ల గాలి పెట్టెగుండ పోవలెను. ప్రతి సెకనును రెండు బిందెల గాలి! మా అందమైన మందసమునకు గాలి వచ్చు దారి చూడగా వ్రేలెడు సందు. గదిలో 21 డిగ్రీలుండు చల్లని దేశములలో ఇట్టి పెట్టె ఎట్లో నెట్టుకొని రావచ్చును. మన మే నెలలో గదిగాలియే 38 డిగ్రీలు; దానికి పది చేరినచో 48. ఇక ప్రాసెసరునకు మిగులు అవకాశమెంత?

మరియొక సంగతి మా పేటవారికి చెప్పనక్కరలేదు. సాంచాలున్న వీథిలో నూలు పీచు గాలిలో తేలుచునే యుండును. పెట్టె విప్పి చూడగా కార్డు రెక్కల నడుమ పీచు దుప్పటివలె పేరుకొనియుండెను. బయటి దేశములవారు వ్రాసిన సలహాలలో పెంపుడు పిల్లుల వెండ్రుకల మాట యున్నది గాని సాంచా పీచు మాట ఎక్కడను లేదు.

రెండవ పెట్టె మిగిలిన కర్రతో చేసితిమి. తప్పునకు తావు లేదు, మూడవ పెట్టెకు కర్ర లేదు. ఈమారు గాజును పక్కకు మార్చి, ముందువైపు వ్రేలి వెడల్పు సందులతో కర్ర బద్దలు నిలిపితిమి. వాని వెనుక 140 మిల్లీమీటర్ల ఫ్యానులు రెండు గాలిని లోనికి లాగును. వెనుక 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి బయటకు త్రోయును. లోనికి వచ్చు గాలి బయటకు పోవుదానికంటె కొంచెమెక్కువగా నుంచినచో, చిన్న సందులనుండి గాలి బయటకే పోవును గాని పీచును లోనికి లాగదు. ఫ్యానుల ముందర నైలాను వలను ఒక చట్రమునకు బిగించి, సొరుగువలె లాగి కడుగుకొనునట్లు చేసితిమి. ఆదివారము ఆదివారము దానిని కడుగుట పిల్లవాని పని. వెనుకభాగము గోడకు జానెడు దూరమున నుంచితిమి. అదే యంత్రము, అవే ఫ్యానులు. అదే మే నెలలో కార్డు 74 డిగ్రీలు దాటలేదు.

చేయదలచినవారికి మా దెబ్బలనుండి నేర్చిన రెండు మూడు జాగ్రత్తలు. కర్రకు విద్యుత్తు పారదు గనుక మదర్‌బోర్డును నేరుగా కర్రపై బిగింపరాదు. రేకు పళ్లెముపై ఇత్తడి కాళ్లు నిలిపి వానిపై బిగించి, ఆ పళ్లెమును పవర్ సప్లై ఇనుప ఒంటికి కలుపవలెను. గోడలోని ప్లగ్గునకు ఎర్తు లేనిచో ఆ రేకు తాకినపుడు వ్రేళ్లు జివ్వుమనును. మా పాత యింట అట్లే అయినది. ఎలక్ట్రీషియనును పిలిచి ఎర్తు వేయించిన తరువాతనే పెట్టె ముట్టుకొంటిమి. కార్డును కొనకముందు కర్ర కోయకుడు. మూడు వందల మిల్లీమీటర్లకు మించిన కార్డులున్నవి. పెద్ద కార్డులకు తగిలించు క్రొత్త తీరు తీగె కొసలు 2022లో కొందరి యంత్రములలో కరిగిపోయినవి. తుదిముట్ట లోనికి నొక్కకపోవుట అందుకొక ముఖ్య కారణమని తేలినది. ఆ కొస వెనుక తీగె వెంటనే వంగకుండ పక్క గాజునకును దానికిని చోటు విడువవలెను. తీగెపై పొదుపు చూపరాదు.

ఇక పెద్దల ప్రశ్నకు. ఆట మంచిదని మేము వాదించుటకు రాలేదు. పరీక్షల ముందురాత్రి వాడు రెండు గంటలవరకు ఆడుచుండగా ప్లగ్గు పెరికినది మేమే, వారము దినములు మాటలు లేకుండినది మా యింటనే. మగ్గము పోయినందుకు బాధ లేదనియు చెప్పము. కొట్టములోనికి పోయినపుడు ఆ మూల బోసిగా నున్నది. అయితే ఆ పిల్లవాడు మరాఠీ బడిలో చదివి తెలుగు అక్షరములు కూడబలుకుకొని చదువువాడు. ఆ ఆరు నెలలలో పెదతండ్రిగారి పక్కన కూర్చుండి ఉలి, బాడిస, చిత్రిక, మూలమట్టము, బరమా అని ఒక్కొక్క పనిముట్టు పేరడిగి తెలిసికొనెను. పడుగుకును పేకకును భేదమేమని కూడ అడిగెను; మగ్గమును కోయుచు అడిగెను గనుక, దూలము దూలమునకును ఆయన చెప్పవలసివచ్చినది. అచ్చు నుంచిన చోట దూలముపై అరిగిన గాడి యొకటి యున్నది. దానిని నునుపు చేయవద్దని వాడే అనెను. రెండవ పెట్టె పైకప్పున ఆ గాడి అట్లే యున్నది.

ఈ సభకు మా విన్నపమొకటి. మన పేటలో ఇట్టి పెట్టెలు చేయదలచిన పిల్లలు మరి నలుగురున్నారు. వారికి చోటు లేదు, పనిముట్లు లేవు. మా కొట్టము ఆదివారములయందు ఉదయము తొమ్మిదినుండి పన్నెండువరకు తెరచియుంచెదము. పెదతండ్రిగారుండెదరు. పాత కర్రయో, రేకు ముక్కలో, పనికిరాని ఫ్యానులో ఉన్నవారు పారవేయక పంపగోరెదము. వచ్చు పిల్లలు ఒక అగరువత్తి కట్ట తెచ్చుకొనవలెను.