ఎముక అతుకుటయు, ఎముక మందులును



కాలువ రేవులోను, చేని గట్టు మీదను, తడిసిన పెరటిలోను కాలు జారి పడుట మన డెల్టా గ్రామములలో తరచు జరుగునదే. పడుచువారు దులుపుకొని లేచెదరు. ముసలివారికి తుంటి యెముక విరుగును. వైద్యులు శస్త్రచికిత్స చేసి, రాడ్డు వేసి, ఎముక గట్టిపడుటకు మందు వ్రాయుదురు. ఇంటికి వచ్చిన పిదప "ఆ మందు వాడినచో ఎముక అతుకుకొనదట" అని ఎవరో అందురు. మందు అటక యెక్కును. ఈ సందేహమును గూర్చియే మేము నేడు మీతో ముచ్చటింప వచ్చితిమి.

ఈ శంక ఊరక పుట్టినది కాదు. ఎముకలో పాత భాగమును తొలగించు కణములును, కొత్త భాగమును కట్టు కణములును కలవు. వయసు మీరినకొలది, ముఖ్యముగా ముట్లుడిగిన స్త్రీలలో, తొలగించుట హెచ్చి ఎముక గుల్లబారును. అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లము అను మందులు తొలగించు కణములను అదుపు చేయును. విరిగినచోట మొదట ఏర్పడు అతుకును గట్టి యెముకగా మలచుటకు ఆ కణములు కూడ కావలెను గనుక, అతుకు ఆలస్యమగునేమో యని వైద్యులును సందేహించిరి.

పరీక్షించియే చూచిరి. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, తుంటికి శస్త్రచికిత్స జరిగిన 2,127 మందిలో సుమారు సగము మందికి 90 దినములలోపల జోలెడ్రోనిక్ ఆమ్లమును ఎక్కించిరి. ఎముక అతుకుటలో చెప్పుకోదగిన ఆలస్యము కానరాలేదు. మరల ఎముకలు విరుగుట నూటికి 35 వంతులును, మరణములు 28 వంతులును తగ్గినవి. ఒక తుంటి విరిగినవారికి రెండవది విరుగు భయము మెండు. కావున మందు మానుటయే అసలు ప్రమాదము.

అయినను జాగ్రత్త వలయును. అలెండ్రోనేట్ మాత్రను పరగడుపున గ్లాసెడు మంచినీళ్లతో మ్రింగి, అరగంట వరకు పడుకొనరాదు. ఏండ్ల తరబడి వాడినవారికి అరుదుగా తొడయెముక విరుగవచ్చును. తొడలోగాని గజ్జలోగాని నొప్పి పుట్టిన వెంటనే వైద్యునకు తెలుపవలెను. పన్ను తీయించుకొనుటకు ముందు ఈ మందు సంగతి చెప్పవలెను. ఆరు నెలలకొకమారు వేయు డెనోసుమాబ్ సూదిమందు గడువు తప్పినచో వెన్నుపూసలు విరుగవచ్చును.

సభ్యులారా! మీ వార్డులో ఎముక శస్త్రచికిత్స జరిగిన పెద్దల యింటికి ఒకమారు వెళ్లుడు. మందు వాడుచున్నారా యని అడుగుడు. మానివేసినచో, చీటీతో సహా వారిని శస్త్రచికిత్స చేసిన వైద్యునికడకు పంపుడు. మందు మార్చుటయు, ఆపుటయు వైద్యుని పని. ఇరుగుపొరుగువారి పని కాదు. రేవు మెట్ల నాచు గీయించి, వీధి దీపము వెలిగించినచో, ఆ మెట్లమీద మరియొక పెద్ద పడకుండును. అది మన పంచాయతీ పని.