ఏరు అంటే నీళ్ళు
(వైరాలో ఆదివాసీ యువత ముందు చేసిన ప్రసంగం)



చిన్నప్పుడు బడిలో దాహమేసి "ఏరు" అడిగిన. క్లాసంతా నవ్వింది. "ఏరు బయట పారుతది, నీళ్ళు అనాలె" అన్నడు సారు. ఆ రోజు నుంచి బడిలో కోయమాట నోట్లోనే మింగిన.

డిగ్రీకొచ్చినంక తెలిసింది. మనకు ఏరు అంటే నీళ్ళు, గోండులకు ఏర్ అన్నా నీళ్ళే. తెలుగులో అదే మాట పారే నీళ్ళకు మిగిలింది. కోయ చెడిపోయిన తెలుగు కాదు. గోండి, కువి, కుయి, కొండ, తెలుగు, మనదీ దక్షిణ మధ్య ద్రావిడ కుటుంబమే. తెలుగు మన భాషకు తల్లి కాదు, చుట్టం.

ఇప్పుడు దూరపు కథ ఒకటి. తైవాన్ మైదానాల్లో సిరయా అనే ఆదివాసులున్నరు. ఫిలిప్పీన్స్, మలయ్ భాషల కుటుంబమే వాళ్ళ భాషది. డచ్చివాళ్ళు వాళ్ళకు రోమన్ అక్షరాలు నేర్పి, 1661లో మత్తయి సువార్తను సిరయాలో అచ్చేసిన్రు. డచ్చివాళ్ళు పోయినంక కూడా ఆ అక్షరాలతోనే సిరయాలు భూమి పత్రాలు రాసుకున్నరు. వలసొచ్చిన చైనావాళ్ళకు భూమి పోయింది, వాళ్ళ నడుమ భాషా పోయింది. మాట్లాడేటోళ్ళు మిగల్లేదు.

అయినా కథ ఆగలేదు. ఫిలిప్పీన్స్ నుంచి సిరయా ఇంటికి అల్లుడొచ్చిన ఎడ్గర్ మకపిలి ఆ సువార్త చదివితే, చాలా మాటలు తన బిసాయా భాషలోని మాటల్లాగే ఉన్నయి. ఆ ఆసరాతో 2008లో సిరయా పదకోశం తెచ్చిండు. ఇయ్యాల పిల్లలు ఆ మాటలు మళ్ళీ నేర్చుకుంటున్నరు. చచ్చిన భాషను చుట్టపు భాష లేపింది.

వాళ్ళకు దిక్కు ఒక పాత పుస్తకం. మనకు ఇంట్లో అవ్వ ఉంది! 2011 జనగణనలో 4 లక్షల మందికి పైగా కోయను తల్లిభాషగా రాయించిన్రు. కానీ పిల్లలతో తెలుగే మాట్లాడే ఇండ్లు మన ఊళ్ళల్లో ఎన్నో మీకే తెలుసు. 1/70 చట్టం భూమికి కంచె. భాషకు కంచె మన నోరే.

అందుకే మూడు పనులు అడుగుతున్న. ఇంటికి పోయి అవ్వతో కోయలోనే మాట్లాడుండ్రి. ఆమె చెప్పే చెట్ల పేర్లు, చేపల పేర్లు, పాటలు ఫోన్‌లో రికార్డు చేయుండ్రి. వచ్చే జనగణనలో తల్లిభాష అడిగితే సిగ్గుపడకుండా "కోయ" అని రాయించుండ్రి.

రేపు మన పిల్ల బడిలో "ఏరు" అడిగితే నవ్వకుండా గ్లాసు అందించే రోజు రావాలె.

జై ఆదివాసీ!