ఛాతీలో బరువు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

నేను పండితుడను కాను, డాక్టరును అసలే కాను. పదో తరగతి ప్యాసై ఈ ఖరగ్‌పూర్‌లో వ్యాగన్ల లెక్కలు వ్రాసుకొనే రైల్వే గుమాస్తాను. కార్యదర్శిగారు ఏదైనా అనుభవం చెప్పమన్నారు గనుక ధైర్యం చేశాను. పండుగపూట రోగాల మాటేమిటని కోపగించకండి. పచ్చడిలో వేపపువ్వు కూడా ఉన్నది గదా.

మాది యానాం. 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న గోదావరి ఒడ్డు ఊరు. అక్కడికి రైలు లేదు. రైల్వేవాణ్ణయినా నేను కాకినాడలో దిగి సుమారు 30 కిలోమీటర్లు బస్సులో పోవలసినదే. ఆ ఊళ్ళో 2016లో మా పెదనాన్నగారు పోయారు. ఆయనకు చక్కెర వ్యాధి ఉండేది. ఏటిగట్టు ఎక్కి ఇంటికి వచ్చేసరికి ఛాతీ బరువెక్కేది, అరుగు మీద కూర్చుంటే తగ్గేది. నెల రోజులు ఇదే వరస. "గ్యాసురా అబ్బాయ్" అని సోడా త్రాగేవారు. మేమూ అదే నమ్మాము. ఒక రాత్రి చెమటలు పట్టినవి, దవడ లాగుతున్నదన్నారు. వాము నమలమని ఇచ్చినది నేనే. తెల్లవారేసరికి ఆయన లేరు.

నడిస్తే వచ్చి ఆగితే పోయే ఈ బరువును హెబర్డెన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1768లోనే వర్ణించాడట. గుండె కండరానికి రక్తం తెచ్చే నాళాలు సన్నబడితే అట్లా వస్తుంది. అంత పాత సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

తరువాత నా వంతు వచ్చినది. రెండేళ్ళ క్రిందట శ్రావణంలో సెలవు మీద ఊరు వెళ్ళాను. పులసల రోజులు. పుస్తెలు అమ్మియైనా పులస తినవలెనన్న సామెత మీకు తెలిసినదే. నేను ఏమీ అమ్మకుండానే రెండు పూటల తిండి ఒక్క రాత్రే తిని పడుకొన్నాను. అర్ధరాత్రి ఛాతీ నడుమ మంట, బరువు. మా ఆవిడ వాము తేబోయినది. పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టుకొని, "ఈ ఇంట్లో వాము చాలమ్మా, బండి పిలవండి" అన్నది.

కాకినాడ ఆసుపత్రిలో ఇ.సి.జి. తీశారు. బాగున్నదన్నారు. నేను లేచి చొక్కా తొడుక్కోబోతే డాక్టరుగారు కూర్చోబెట్టారు. ఆ గీతలు బాగున్నంత మాత్రాన గుండెపోటు లేదని చెప్పరాదట. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. అది కనిపించడానికి కొన్ని గంటలు పట్టవచ్చును. అందుకని కొన్ని గంటల తేడాతో రెండుసార్లు రక్తం తీశారు. రెండుసార్లూ నయమే. మరికొన్ని రోజులకు నడిచే యంత్రం మీద పరుగెత్తించారు. అదీ నయమే.

గుండె కాదు సరే, మరేమిటి? ఇంటికి వచ్చినా ఆ బరువు మళ్ళీ మళ్ళీ వచ్చేది. ప్రక్కటెముకల కీళ్ళ వాపు కావచ్చును, ఊపిరితిత్తుల పొర కావచ్చును, పులుసు పైకి తన్నడం కావచ్చును, ఒట్టి భయం కూడా కావచ్చునన్నారు ఇక్కడి డాక్టరుగారు. ఎముకలు నొక్కి చూశారు, స్టెతస్కోపు పెట్టి విన్నారు. (దానిని 1816లో కనిపెట్టినవాడు లాయెనెక్ అనే ఫ్రెంచి వైద్యుడు. యానాంవాణ్ణి గనుక ఆ మాట చెప్పకుండా ఉండలేను.) ఏమీ తేలలేదు.

అప్పుడు నాకు తెలిసిన పని నేను చేశాను. ఆలస్యమైన వ్యాగను ఎక్కడ ఆగినదో కనుక్కోవాలంటే ప్రతి స్టేషను వేళా వ్రాసి చూస్తాము. అట్లాగే ఒక నోటుబుక్కులో గీతలు గీసి, ఎన్ని గంటలకు వచ్చినది, అప్పుడేమి చేస్తున్నాను, ఎంతసేపు ఉన్నది, అంతకుముందు ఏమి తిన్నాను, అన్నీ వ్రాశాను. పదిహేను రోజులలో పదకొండు పద్దులు. తొమ్మిది, రాత్రి డ్యూటీ దిగి తిన్న వెంటనే పడుకొన్నప్పటివి. స్టేషను వంతెన మెట్లు రోజూ ఎక్కుతున్నా అక్కడ ఒక్కటీ లేదు.

డాక్టరుగారు ఆ పుస్తకం రెండు నిమిషాలు చూశారు. అన్నవాహిక అడుగున ఉండే కండరం వదులై, కడుపులోని ఆమ్లం పైకి వస్తున్నదన్నారు. అన్నవాహిక నరాలూ గుండె నరాలూ వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోటికి చేరుతాయట. అందువల్ల కబురు ఎక్కడినుంచి వచ్చినదో మెదడు పోల్చుకోలేదు. ఇక మనమెట్లా పోల్చుకొంటాము? ఆమ్లానికి మందు వేసుకొంటే తగ్గినదిగదా, గుండె కాదు అనుకోవడం కూడా తప్పేనని గట్టిగా చెప్పారు. నా పుస్తకం పనికివచ్చినది గుండె పరీక్షలన్నీ ముందు అయినందువల్లనే. పెదనాన్నగారు పుస్తకం వ్రాస్తూ కూర్చోవలసిన మనిషి కాదు, ఆ నెలలో మొదటిరోజే ఆసుపత్రికి పోవలసిన మనిషి.

అక్కచెల్లెళ్ళకు ఒక మనవి. స్త్రీలకూ, చక్కెర వ్యాధి ఉన్నవారికీ ఒక్కొక్కప్పుడు నొప్పి లేకుండానే ఆయాసం, వికారం, చెమట మాత్రమే రావచ్చునట. వంట అయ్యేదాకా ఓర్చుకోవద్దు.

నాకు పరగడుపున ఒక మాత్ర ఇచ్చారు. తిన్న మూడు గంటలదాకా పడుకోరాదన్నారు, మంచం తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టమన్నారు. రెండు నెలలలో సర్దుకొన్నది. ఇప్పుడు నేను ఊరు వెళ్ళితే పెద్దమ్మ పులసను మధ్యాహ్నమే వండుతున్నది. రాత్రికి మజ్జిగన్నం.