కుక్కను కుక్కగా చూసిన కళ



బహుమతి ఇవ్వాలంటే మనకు కొన్ని అలవాటైన దారులున్నాయి. పెళ్లికైతే స్టీలు సామానో గోడ గడియారమో, పుట్టినరోజుకైతే బట్టలో కేకో. మరి కుక్కను ప్రాణంగా పెంచుకునే మనిషికి ఏమివ్వాలి? మేనకోడలు కావచ్చు, ఫ్యాక్టరీలో పక్క మిషను మీద పనిచేసే స్నేహితుడు కావచ్చు. బజారుకెళితే కుక్క బొమ్మ అచ్చేసిన కప్పులు, తాళంచెవి గొలుసులు, దిండు గలీబులు బోలెడు దొరుకుతాయి. వాటి మీదుండే కుక్క మాత్రం ఏ వీధి కుక్కా కాదు, ఎవరింటి కుక్కా కాదు. అన్నిటికీ ఒకే రకం కళ్లు, ఒకే రకం నాలుక. ఆ బొమ్మ వేసినవారు కుక్కను చూసి వేయలేదు, ఇంకో బొమ్మను చూసి వేశారు.

కుక్కను ప్రేమించేవాళ్లకు, కుక్కను కళ్లారా చూసిన కళాకారుడి పనిని ఇవ్వండి. ఈ పూట నేను మీతో చెప్పాలనుకున్నది ఇదే. అది చేతిలో పట్టుకునే బొమ్మ కావచ్చు, చదువుకునే పుస్తకం కావచ్చు. అలాంటిదాన్ని గుర్తుపట్టడానికి నాకు ఒక కొలత ఉంది. ఈ బొమ్మలో, ఈ కథలో కుక్క కుక్కగానే ఉందా, లేక తోక తగిలించిన మనిషైపోయిందా? ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుంటే చాలా వాటిని తేలిగ్గా పక్కన పెట్టేయొచ్చు. మిగిలినవాటి దగ్గర నిదానంగా కూర్చోవచ్చు.

నేనుండేది అచ్యుతాపురంలో. తెల్లవారుజామున జంక్షన్‌లో సెజ్ ఫ్యాక్టరీల బస్సుల కోసం నిలబడే ఆడపిల్లల చుట్టూ నాలుగైదు కుక్కలు చేరతాయి. ఏ పిల్ల క్యారేజీ మూత తీస్తుందో, ఏ పిల్ల అదిలిస్తుందో వాటికి తెలుసు. అంత శ్రద్ధగా మనుషుల్ని చదివే ఆ జీవాన్ని, తిరిగి అంత శ్రద్ధగా చదివిన మనుషులు మన సాహిత్యంలో మొదటి నుంచీ ఉన్నారు. మొదటి నుంచీ అన్నది ఊరికే ఊపు కోసం అనలేదు. తెలుగులో ఆదికావ్యం నన్నయ భారతం. పదకొండో శతాబ్దంలో రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో మొదలైన ఆ కావ్యంలో, కథ ఇంకా కౌరవ పాండవుల దాకా రాకముందే ఒక కుక్కపిల్ల వస్తుంది.

జనమేజయ మహారాజు యాగం చేస్తున్నాడు. అక్కడికి ఒక కుక్కపిల్ల వచ్చింది. రాజుగారి తమ్ముళ్లు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. తల్లి పేరు సరమ, దేవతల కుక్క. వ్యాసుడి సంస్కృత మూలంలో ఇక్కడ ఎంతో ముద్దైన సంభాషణ ఉంది. నువ్వు ఏదో తప్పు చేసే ఉంటావు, లేకపోతే ఎందుకు కొడతారని తల్లే ముందు బిడ్డను అనుమానిస్తుంది. నేనేం చేయలేదమ్మా, హవిస్సు వైపు చూడనైనా లేదు, నాకనూ లేదు అంటుంది పిల్ల. పిల్లల్ని పెంచిన ఏ తల్లికైనా ఈ వరస తెలుసు. అప్పుడు సరమ నేరుగా యాగశాలకు వెళ్లి చక్రవర్తిని నిలదీస్తుంది. తగునో తగదో ఆలోచించకుండా, సాధువులకు, పేదవాళ్లకు కీడు చేసేవాళ్లకు, కారణం తెలియని భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్లిపోతుంది. ఆ మాటలతో రాజు కలవరపడతాడు. శాంతి చేయించగల పురోహితుణ్ణి వెతుక్కుంటూ బయలుదేరతాడు.

నన్నయ ఈ ఘట్టాన్ని కొద్దిపాటి పద్యాల్లో ముగించాడు. మీరు చదివేటప్పుడు పైకి చదవండి. సరమ మాటల్లో కేకలు లేవు, శాపనార్థాలు లేవు. న్యాయస్థానంలో నిలబడి ఫిర్యాదు చెప్పే మనిషి కంఠం ఎంత నిబ్బరంగా ఉంటుందో అంత నిబ్బరం ఉంటుంది. మరి నా కొలత ప్రకారం, మాట్లాడే సరమ మనిషైపోయినట్టు కాదా అని మీరు అడగొచ్చు. ఆమె దేవలోకపు జీవి కాబట్టి కవి ఆమెకు మాట ఇచ్చాడు. ఆమె బిడ్డ మాత్రం అచ్చంగా కుక్కపిల్ల. ఎక్కడ సందడి కనిపిస్తే అక్కడికి పోవడం, దెబ్బ తగిలితే అమ్మ దగ్గరికి పరిగెత్తడం. కవి కన్ను ఆ పిల్ల మీద ఉంది.

అదే భారతం చివరికి వచ్చేసరికి, తిక్కన చేతిలో, మళ్లీ ఒక కుక్క. పాండవులు ద్రౌపదితో కలిసి రాజ్యం వదిలి ఉత్తరంగా నడుస్తుంటే వెంట పడుతుంది. ఒక్కొక్కరే రాలిపోతారు. ధర్మరాజూ కుక్కా మిగులుతారు. ఇంద్రుడు రథం తెచ్చి, నువ్వు ఎక్కు, కుక్కకు స్వర్గంలో చోటు లేదంటాడు. నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి రానంటాడు ధర్మరాజు. ఆ తర్వాత ఆ కుక్క యమధర్మరాజుగా బయటపడుతుంది. నన్ను అడిగితే, ఆ రూపం మారే చోటుకు ముందు పుట దగ్గరే కాసేపు ఆగమంటాను. అప్పటికి ధర్మరాజుకు అది వట్టి కుక్కే. తండ్రి అని తెలియదు, పరీక్ష అని తెలియదు. వట్టి కుక్క కోసం స్వర్గం వద్దన్నాడు. ఆ కథ గొప్పతనమంతా ఆ తెలియకపోవడంలో ఉంది.

ఈ ఘట్టం మహాప్రస్థానిక పర్వంలోది. విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ తన పుస్తకానికి మహాప్రస్థానం అని పేరు పెట్టాడు. 1950లో పుస్తకంగా వచ్చిన ఆ సంపుటిలో 'ఋక్కులు' అనే కవిత ఉంది. దేన్నీ చిన్నచూపు చూడొద్దని చెప్పే కవిత. కవిత్వానికి తగిన వస్తువుల జాబితాలో అక్కడ ముందుగా కనబడేది కుక్కపిల్లే. దాన్ని మీ స్నేహితుడికి కంఠతా వచ్చేదాకా చదివి వినిపించండి. అది కూడా బహుమతే.

ఇప్పుడు చేతిలో పట్టుకునే బహుమతి దగ్గరికి వద్దాం. అచ్యుతాపురం నుంచి ఎలమంచిలి మీదుగా వెళితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ సహజ రంగుల్ని తిరిగి నిలబెట్టడానికి ఏళ్ల తరబడి పనిచేసిన చింతలపాటి వెంకటపతి రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో నడిచిన మన రాష్ట్ర శకటం మీద ఉన్నవీ ఈ బొమ్మలే. ఇంత పేరున్నా, ఇరవై ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న మనలో చాలామంది లక్కపిడతలు కొనుక్కొచ్చి పిల్లల చేతికిచ్చి ఊరుకుంటాం. ఆ బొమ్మను చూడటం నేర్చుకోం.

అది ఎలా తయారవుతుందో తెలిస్తే చూపు మారుతుంది. కర్ర అంకుడు కర్ర. మెత్తనిది, తెల్లనిది, బాగా ఆరబెట్టినది. దాన్ని లేతుకు బిగిస్తారు. మునుపు తాడు లాగి తిప్పేవారు, ఇప్పుడు మోటారు తిప్పుతుంది. తిరుగుతున్న కర్ర మీద ఉలి ఆనిస్తే పొరలు పొరలుగా చెక్కు లేచి ఆకారం బయటికొస్తుంది. తర్వాత రంగు కలిపిన లక్క ముక్కను ఆ తిరిగే కర్రకే అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. కుంచె లేదు, వార్నిష్ లేదు. రంగులకు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు, కరక్కాయ లాంటివి వాడతారు. అందుకే ఆ పసుపు కళ్లలో పొడవదు, ఆ ఎరుపు అరవదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. లేతు మీద తిరిగేది గుండ్రంగానే వస్తుంది. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కుతారు కాబట్టి ముక్కు, మీసం, చీర కుచ్చెళ్లు కూడా తీర్చవచ్చు. ఏటికొప్పాక పనివాడికి ఆ వెసులుబాటు తక్కువ. గోళం, స్తంభం, శంకువు, గిన్నె. వీటితోనే కుక్క చేయాలి. ఒళ్లు ఒక ముక్క, తల ఒక ముక్క, కాళ్లు నాలుగు కడ్డీలు, చెవులు రెండు చిన్న బిళ్లలు. ఇంత తక్కువ సాధనాలతో దానికి ప్రాణం ఎక్కడి నుంచి వస్తుంది?

తోక నుంచి వస్తుంది. తోక ఏ కోణంలో నాటాడో చూడండి. కాస్త పైకి నిలబెడితే ఆ కుక్క ఏదో అలికిడి విన్నది. ఇంకాస్త వెనక్కి వాల్చితే నింపాదిగా ఉన్నది. తలకూ ఒంటికీ మధ్య దూరం చూడండి. మెడ పొట్టిదైతే పిల్ల, పొడుగైతే పెద్దది. చెవి బిళ్ల వెనక్కి అతికిస్తే భయం, ముందుకైతే కుతూహలం. పనివాడు వీధిలో కుక్కల్ని చూస్తూ పెరిగినవాడు కాబట్టే ఈ లెక్క చేతికి తెలుసు. బొమ్మను అరచేతిలో పెట్టుకుని మెల్లగా తిప్పండి. రెండు రంగులు కలిసే చోట గీత ఎంత సూటిగా ఉందో వేలితో తడమండి. అతుకు దగ్గర లక్క పెచ్చు లేచిందేమో చూడండి. పనితనం ఎంత ఎరిగినవారిదో అక్కడ తెలుస్తుంది.

దుకాణం అరలో కుక్క బొమ్మ కనబడకపోతే అడిగి చేయించుకోండి. మీ స్నేహితుడి కుక్క ఫోటో చూపించండి. ఫోటోలో ఉన్నట్టే చేయమని మాత్రం పట్టుబట్టొద్దు. ఒక చెవి నల్లగా ఉంటుంది, తోక మెలి తిరిగి ఉంటుంది, ఇలా ఒకటి రెండు గుర్తులు చెప్పి మిగతాది ఆ చేతికి వదిలేయండి. అడిగిన ధర ఇవ్వండి. అంకుడు కర్ర దొరకడం అంతకంతకూ కష్టమవుతోంది. బేరమాడి పది రూపాయలు తగ్గిస్తే ఆ కష్టం పనివాడి మీదే పడుతుంది. ఇంటికి తెచ్చాక బొమ్మను కుక్కకు అందని ఎత్తులో పెట్టమని చెప్పండి. రంగులు మొక్కలవే అయినా చిన్న ముక్కలు ఊడి గొంతులో పడితే ప్రమాదం.

మళ్లీ పుస్తకాల దగ్గరికి వెళ్తాను, ఎందుకంటే మూడు కథల గురించి చెప్పకుండా ఉండలేను.

మొదటిది ప్రేమ్‌చంద్ 'పూస్ కీ రాత్'. 1930 నాటి హిందీ కథ. హల్కూ అనే పేద రైతు కంబళి కోసం దాచుకున్న మూడు రూపాయలూ అప్పులవాడికి కట్టేస్తాడు. పుష్యమాసపు చలిలో పొలానికి కాపలా. తోడు జబరా అనే కుక్క. చలికి తట్టుకోలేక దాన్ని ఒళ్లోకి లాక్కుంటాడు. దాని ఒంటి నుంచి కంపు కొడుతోందని రచయిత దాచకుండా చెబుతాడు. ఆ కంపులోనే హల్కూకు సుఖం దొరికిందనీ చెబుతాడు. కుక్కను పెంచినవాళ్లకు ఈ ఒక్క వివరం చాలు, ఈ రచయిత అబద్ధం చెప్పడని నమ్మడానికి. చివర్లో అడవి జంతువులు పొలం మేసేస్తుంటే హల్కూ లేవలేకపోతాడు. జబరా ఒక్కటే మొరుగుతూ ఉంటుంది.

రెండోది చెహోవ్ 1887లో రాసిన 'కష్టాంక'. వడ్రంగి ఇంటి కుక్క ఒకటి వీధిలో తప్పిపోయి, సర్కస్ మనిషి ఇంట్లో చేరుతుంది. తిండి బాగుంటుంది, కొట్టేవారు లేరు. పాత ఇంట్లో ఆకలి, తాగుబోతు యజమాని, ఏడిపించే కుర్రాడు. అయినా దానికి జిగురు వాసన, చెక్కపొట్టు వాసన గుర్తొస్తూ ఉంటాయి. సర్కస్ ప్రదర్శన మధ్యలో పాత పిలుపు వినబడగానే అటు పరిగెడుతుంది. ఎందుకు వెళ్లిందో చెహోవ్ వివరించడు. ఆ కథంతా ముక్కుతో ఆలోచిస్తుంది. ఏటికొప్పాకలో లేతు పక్కన రాలిన చెక్కు వాసన చూసినవాళ్లకు ఈ కథ మరింత దగ్గరవుతుంది.

మూడోది ఆర్.కె.నారాయణ్ మాల్గుడి కథల్లో గుడ్డివాడికి దారి చూపే కుక్క కథ. విడిపించినా అది మళ్లీ అతని దగ్గరికే వస్తుంది. కొందరికి ఇది విశ్వాసం గురించిన కథ. నాకు మాత్రం ఆ కుక్కను కట్టేసిన గొలుసు గురించిన కథలా అనిపిస్తుంది. కుక్కను ప్రేమించేవాళ్లకు ఇది ఇచ్చి, చదివాక ఏమనిపించిందో అడగండి. ఆ మాటల్లో మంచి సాయంత్రం గడుస్తుంది.

శిల్పం ఇష్టపడేవారికి ఒక ఫోటో చట్టం కట్టించి ఇవ్వొచ్చు. కర్ణాటకలో మండ్య ప్రాంతపు ఆతకూరులో దొరికిన పదో శతాబ్దపు వీరగల్లు ఫోటో అది, ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడి, రెండూ చనిపోయాయి. గంగవంశపు రాజు బూతుగుడి నుంచి ఆ కుక్కను కోరి తెచ్చుకున్న మణలేరుడు అనే యోధుడు దాని కోసం రాయి నిలబెట్టించాడు. రాతి మీద పంది, కుక్క ఎదురెదురుగా ఉంటాయి. వీరులకు నిలబెట్టే రాయే కుక్కకూ నిలబెట్టారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఆశ్చర్యపరచడానికని కుక్కపిల్లను బుట్టలో పెట్టి ఎవరికీ బహుమతిగా ఇవ్వకండి. పదేళ్లకు పైబడిన బాధ్యత అది, పెంచేవారు తామే కోరుకోవాలి. ఇవ్వాలనే ఉంటే, వాళ్ల వీధిలో వాళ్లు అన్నం పెట్టే కుక్కకు రేబిస్ టీకా ఖర్చు భరించండి.

ఇక, మొదట చెప్పుకున్న ఆ కవిత్రయ భారతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం వారు తాత్పర్య వ్యాఖ్యానాలతో అచ్చువేశారు. అందులో ఆదిపర్వం మొదటి సంపుటి తెచ్చి, సరమ కథ ఉన్న పుట దగ్గర ఒక కాగితం పెట్టండి. లోపలి అట్ట మీద మీ స్నేహితుడి పేరు, దాని కింద వాళ్ల కుక్క పేరు, తేదీ రాసి ఇవ్వండి.