ఒక్క పేరు, రెండు నాదములు



నేటి ప్రసంగవిషయము సింథసైజరు అను విద్యుద్వాద్యము. వివాహవేదికలమీద హార్మోనియమువంటి మెట్లు గలిగి, ఒకప్పుడు వేణువువలెను, ఒకప్పుడు వయొలినువలెను, మరియొకప్పుడు ఏ వాద్యమునకును చెందని వింతరీతిగను పలుకు పెట్టెను మీరు చూచియే యుందురు. ఆ జాతి వాద్యములలో పూర్వపుదాని నొకదానిని గూర్చి చెప్పదలచితిని. దానికి పేరొక్కటే, పైరూపు ఇంచుమించుగ నొక్కటే. లోపలి భాగములు మాత్రము నడుమ మారినవి. ఆ మార్పువలన లాభమేమి, నష్టమేమి అనునదే విచారణీయము.

ఆ వాద్యము పేరు ప్రాఫెట్-5. ప్రాఫెట్ అనగా ప్రవక్త. అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అను సంస్థకు అధిపతియైన డేవ్ స్మిత్, జాన్ బోవెన్ తోడ్పాటుతో దీనిని నిర్మించి 1978లో లోకమునకు చూపెను. అంతకుముందటి సింథసైజరులలో పెక్కింటియందు ఒక తడవకు ఒక్క స్వరమే పలికెడిది. బిరడాలు త్రిప్పి కుదుర్చుకొన్న నాదము మరల కావలెనన్నచో కాగితముపై గుర్తులు వ్రాసికొని తిరుగ కుదుర్చుకొనవలసి యుండెను. ప్రాఫెట్ ఐదు స్వరములను ఏకకాలమున పలుకుచు, కుదిర్చిన నాదములను 40 వరకు తన జ్ఞాపకమందు ఉంచుకొనెను. వాద్యకారుల కిది గొప్ప వరమయ్యెను.

దీని లోపలి పనిని మానవకంఠముతో పోల్చి చూడుడు. కంఠమందలి తంతువులు కదలి ముడినాదమును పుట్టించును. నోరును పెదవులును దానిని మలచి అక్షరముగ చేయును. అట్లే ఇందు ఆసిలేటరు అను భాగము ముడినాదమును పుట్టించును. ఫిల్టరు అను భాగము అందలి తీక్ష్ణాంశములను వడగట్టును. ఒక్కొక్క స్వరమునకు ఆసిలేటరులు రెండు, ఫిల్టరు ఒకటి. ఐదు స్వరములకు కలిపి ఆసిలేటరులు పది. ఈ పదియు ఒక్క శ్రుతిలో నిలువవలెను. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఆసిలేటరునకు అందించు విద్యుత్తు ఒక వోల్టు హెచ్చినచో స్వరము ఒక స్థాయి పైకి పోవలెను. ఈ పనికి ట్రాన్సిస్టరు యొక్క స్వభావము నాధారముగ గొందురు. దానికి సుమారు 18 మిల్లీవోల్టులు అధికముగ నిచ్చినచో ప్రవాహము రెట్టింపగును. కాని యీ 18 అను సంఖ్య స్థిరము కాదు. వేడి ఒక్క డిగ్రీ సెంటిగ్రేడు మారినచో అది ఇంచుమించుగ మున్నూటి కొకపాలు మారును. దిద్దుబాటు లేనిచో, పది డిగ్రీల తేడాకు, ఐదు స్థాయిల యెడమున, స్వరము సుమారు రెండు అర్ధస్వరములు తప్పును. వేసవిలో మైనము మెత్తబడి వీణమెట్లు కదలుట ఎరిగినవారికి ఈ బాధ క్రొత్త గాదు.

మొదటి కూర్పునందును రెండవ కూర్పునందును ఎస్.ఎస్.ఎం. అను సంస్థవారి చిప్పులను వాడిరి. మొదటి కూర్పు వాద్యములు 182 మాత్రమే తయారైనవి. అవి సుకుమారములు, తరచు మరమ్మతు కోరునవి. రెండవ కూర్పు గట్టిపడెను గాని చిప్పు లవియే. వాద్యములోని చిన్న కంప్యూటరు, మీట నొక్కినంతనే పది ఆసిలేటరులను పరీక్షించి శ్రుతిని సవరించెడిది. అయినను సవరించిన కొంతసేపటికి అవి మరల కొంచెము కొంచెముగ తొలగుచుండెను. అందుచే 1980లో మూడవ కూర్పునందు డగ్ కర్టిస్ రూపొందించిన చిప్పులను అమర్చిరి. అందలి ఆసిలేటరు చిప్పులో వేడిని సరిచూచుకొను ఏర్పాటు లోపలనే కలదు. శ్రుతి నిలిచినది. ఊరూర కచేరీలు చేయువారికి భయము తీరినది.

కాని వినువారిలో కొందరికి ఏదియో తగ్గినట్లు తోచెను. ఏల? భజనగోష్ఠిని తలచుకొనుడు. ఐదుగురు కలిసి పాడునప్పుడు ఒకరి శ్రుతి మరియొకరి శ్రుతితో వెంట్రుకవాసి తేడా కలిగియుండును. ఆ తేడావలననే గోష్ఠి నిండుగ వినవచ్చును. సెకనుకు 440 మారులు కంపించు నాదమును 441 మారులు కంపించు నాదముతో కలిపినచో, సెకను కొకమారు మెల్లని అల లేచును. పాత కూర్పులలో ఇట్టి అలలు వాటంతట నవియే కలుగుచుండెను. క్రొత్తదానిలో ఆ తొలగుడు తగ్గినది.

ఫిల్టరు సంగతియు నిట్టిదే. రెండు విధముల చిప్పులును నాలుగు జల్లెడలు వరుసగ పెట్టినట్టివే. హద్దు దాటిన నాదము, స్థాయి పెరిగినకొలది, ఒక్కొక్క జల్లెడలో సగమగుచు, నాలుగింటిని దాటునప్పటికి పదునారవ వంతగును. లెక్కకు రెండును సమానము. అయినను, ఫిల్టరునుండి వచ్చిన నాదమును మరల దానికే త్రిప్పి యిచ్చి మెరుగుపెట్టు ఏర్పాటు పాతదానికి వెలుపల నమర్చవలెను. కర్టిస్ చిప్పునందు లోపలనే యున్నది. బలమైన నాదము వచ్చినప్పుడు ఆ జల్లెడలు వంగు తీరును వేరు. కావున పాతది మెత్తగ, దట్టముగ పలుకుననియు, క్రొత్తది స్ఫుటముగ, నిర్మలముగ పలుకుననియు వాద్యకారులు చెప్పుదురు.

అంతమాత్రమున పాతదెల్ల మేలనుట అవివేకము. ఒకే కూర్పునకు చెందిన రెండు వాద్యములైనను, ఏండ్లు గడచి భాగములు ముదిరిన పిదప, ఒక్కరీతిగ పలుకవు. పేరును జూచి వెల కట్టువాడు మోసపోవును. చెవితో విని నిర్ణయించువాడే ఎరిగినవాడు.

మూలసంస్థ 1987లో యమహా వారి వశమయ్యెను. 2015లో యమహావారు సీక్వెన్షియల్ అను పేరును స్మిత్‌గారికే మరల నిచ్చిరి. 2020లో ఆయన ప్రాఫెట్-5ను తిరిగి నిర్మించి, అందు రెండు వంశముల ఫిల్టరులను ఉంచెను. ఒక మీటచే వాద్యకారుడు తనకు వలసినదాని నెన్నుకొనవచ్చును. ఆసిలేటరులు ఎంత తొలగవలెనో నిర్ణయించు బిరడా మరియొకటి కలదు. నలువదియేండ్లనాడు దోషమని తొలగింపజూచినదానిని, ఆ నిర్మాతయే గుణముగ గుర్తించి, వాద్యకారుని చేతికిచ్చెను. ఆయన 2022లో పరమపదించెను.

శ్రుతి నిలుపుట తప్పు కాదు. నిలువని శ్రుతితో కచేరి సాగదు. కాని దిద్దునప్పుడు దోషముతో కూడ ఏ గుణము పోవుచున్నదో చెవియొగ్గి వినవలెను. అట్లు వినినవాడు గనుకనే స్మిత్‌గారు పోయినదానిని మరల తేగలిగెను. మన పల్లెలలో పాత వీణను, పాత మృదంగమును మరమ్మతునకిచ్చు పెద్దలును ఈ మాటను మనసున నుంచుకొందురుగాక.