తుంటి కీలును నిలుపుకొనుట

మన దేహభారమును మోయు కీళ్లలో తుంటి కీలు ముఖ్యమైనది. కటియెముకలో గిన్నెవంటి గుంట యొకటి కలదు. తొడయెముక యొక్క గుండ్రని తల అందులో ఇమిడి తిరుగుచుండును. కొందరిలో ఈ గిన్నె లోతు చాలక తలను పూర్తిగా కప్పదు. చూరు చాలని యింటికి గోడ అంచు ముందుగా నానును గదా! అట్లే ఇచట భారమంతయు గిన్నె అంచుపైన బడి, అచటి మృదులాస్థి యౌవనముననే అరిగిపోవును.

బాల్యమున బయటపడని ఈ లోపము పలువురికి ఇరువది, ముప్పది యేండ్ల ప్రాయమున గజ్జలో నొప్పిగా తెలియవచ్చును. నడచినను, చాలసేపు నిలిచినను అది హెచ్చును. మనము దానిని నరము పట్టినదనియో, వాతమనియో తలచి తైలమర్దనముతో నెలలు గడుపుదుము. కాని కీలు అరుగుట మనకొరకు ఆగదు.

లోపమును కనుగొనుట కష్టము కాదు. తలపై గిన్నె ఎంతవరకు కప్పియున్నదో ఎక్స్-రే చిత్రముపై కోణముగా కొలుచు పద్ధతిని స్వీడన్ వైద్యుడు గున్నార్ వైబెర్గ్ 1939లో తెలిపెను. ఆ కోణము 25 డిగ్రీలకు మించినచో సాధారణము. 20కి తగ్గినచో గిన్నె చాలదని వైద్యులు గ్రహింతురు.

ఇక చికిత్స. 1984లో స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున రైన్‌హోల్డ్ గాంజ్ ఒక శస్త్రచికిత్సను ఆరంభించెను. గిన్నె చుట్టును గల యెముకను కోసి, గిన్నెను తలపైకి చక్కగా త్రిప్పి, మరచీలలతో బిగింతురు. కటియెముక వెనుకటి స్తంభము తెగదు గనుక నిలకడ చెడదు. డెన్మార్కులోని ఆర్హుస్ వైద్యులు దీనినే సుమారు 7 సెంటీమీటర్ల గాటుతో, కండరమును అడ్డముగా కోయక నారల వెంట విడదీసి చేయు విధానమును 2008లో ప్రకటించిరి. అంత చిన్న గాటులో లోపలి యెముకయంతయు కంటికి కానరాదు. కావున ఉలి మొన ఎచటనున్నదో, గిన్నె ఎంత తిరిగినదో వైద్యుడు ఎక్స్-రే తెరపై చూచుచు పనిచేయును.

గాటు చిన్నదైనను పని చిన్నది కాదు. నరములకు, రక్తనాళములకు హాని కలుగకుండ చేయుటకు అనుభవము గల హస్తము వలయును. పిదప కొన్ని వారములు చేతికర్రల ఊతతో నడువవలెను. మృదులాస్థి బాగుగా అరిగిన పిదప ఈ చికిత్స అంతగా ఫలింపదు. అప్పుడు కృత్రిమపు కీలే శరణ్యము. అదియు అరుగునదే గనుక, యువకునికి జీవితకాలమున మరల మార్చవలసి రావచ్చును.

కావున మన యింటి యువతీయువకులు గజ్జనొప్పియని వారముల తరబడి చెప్పుచున్నచో, తైలపు సీసాను ప్రక్కనుంచి, ఎముకల వైద్యుని కడకు తోడ్కొని పోవుదము. స్వంత కీలు నిలుచు కాలము దాటిపోకముందే ఒక ఎక్స్-రే తీయించుట మన బాధ్యత.