అవ్వ శ్రుతిలో అవ్వ పాట

(తిరువళ్లూరు, తిరుత్తణి యువజనులకు చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆదివారం మధ్యాహ్నం నిద్ర మానుకుని వచ్చారు, సంతోషం. మొన్న తిరువళ్లూరులో ఒక తమ్ముడు నేను నోరు తెరవకముందే "అన్నా, ఏ మైకు కొనాలి?" అని అడిగాడు. ఆ మాటకు చివర్లో వస్తాను. ముందు మీ చేతిలో ఉన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. చాలా కీర్తనల పైన చిన్న అక్షరాలతో రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. మనం పాట నంబరు చూస్తాం, దాన్ని చూడం. మ్యూజిక్ థియరీ ఎక్కడో లండన్ పరీక్షల్లో ఉంటుందనుకుంటాం. అది మన ఒళ్లోనే ఉంది.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మీరు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం చదువుతారు. 2006 చట్టం వచ్చాక తమిళం ఒకటో తరగతి నుంచి మొదలై ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తప్పనిసరి అయింది. తమిళం మనకు అన్నం పెట్టే భాష, దానితో నాకు తగాదా లేదు. కానీ తెలుగు కీర్తనను తమిళ అక్షరాలతో రాసుకుని పాడేవాళ్లు ఎందరని అడిగితే ఇందాక ఎన్ని చేతులు లేచాయో చూశారుగా. అంటే మన పాట కాగితం మీద లేదు, చెవిలో ఉంది. పుస్తకానికి ఎక్కని పాటలైతే, పాడే అవ్వతోబాటే పోతాయి. మీరు రికార్డింగు నేర్చుకోవాలని నేను వెంటపడేది అందుకే.

సరే, థియరీ. కీబోర్డు మీద సి నుంచి పై సి దాకా తెల్ల మెట్లు వరసగా నొక్కండి. ఇంగ్లీషువాళ్లు దాన్ని మేజర్ స్కేలు అంటారు, మనం శంకరాభరణం అంటాం. అందులో మ, ని తీసేస్తే మోహనం. "స" ఎక్కడ పెట్టుకుంటామో అది శ్రుతి. మగవాళ్లు మామూలుగా ఒకటి శ్రుతిలో, అంటే సి దగ్గర పాడతారు. అది సుమారు 131 హెర్ట్జ్. ఆడవాళ్లకు మామూలుగా ఐదు శ్రుతి, అంటే జి, 196 హెర్ట్జ్. తమిళంలో ఒరు కట్టై, అంజు కట్టై అంటారు కదా, అదే. 196ను 131తో భాగించండి, ఒకటిన్నర వస్తుంది. అంటే మగవాళ్ల "ప" దగ్గర ఆడవాళ్ల "స" మొదలవుతుంది.

మన సంఘాల్లో కీబోర్డు దగ్గర కూర్చునేది ఎక్కువగా మగపిల్లలే. సి లో వాయించడం సులువు, వాళ్ల గొంతుకూ సరిపోతుంది. పాపం అక్కలు కింది స్వరాలు మింగేస్తారు, లేదంటే పై స్థాయికెక్కి అరుస్తారు. అప్పుడు మనమే "ఆడవాళ్లకు శ్రుతి నిలవదు" అంటాం. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఏడు మెట్లు పెంచితే చాలు.

ఈ తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. క్యాసెట్ల రోజుల్లో ఒక స్టూడియోలో కీబోర్డు వాయించేవాణ్ణి. ఒక అవ్వను పిలిపించారు. నాట్లలో పాడుకునే బాణీలో ఆమె స్వయంగా కట్టుకున్న పాట అది. నేను సి పట్టాను. రెండుసార్లు ప్రయత్నించి, "నా వల్ల గాదు నాయనా" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది. అదే పాట వేరే అమ్మాయి చేత పాడించారు. క్యాసెట్టు బయటికొచ్చింది. అట్ట మీద అవ్వ పేరు లేదు. నేను కూడా అడగలేదు.

ఇక తాళం. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. మిశ్ర చాపుకు ఏడు: తకిట తకధిమి. కీబోర్డులో తయారుగా ఉండే రిథమ్‌లు చాలావరకు నాలుగు లెక్కలవి. ఏడు లెక్కల కీర్తనను దాని మీద పెడితే ఎనిమిదో లెక్క కోసం మాటను సాగదీయాలి, ఊపిరి తప్పు చోట పడుతుంది. ఫోనులో మెట్రోనోమ్ పెట్టుకుని ఏడు ఎంచుకోండి, లేదా చేత్తో వేయండి.

పలక సంగతి కూడా చెప్పాలి. తప్పెట అనండి, డప్పు అనండి, తమిళంలో పఱై అనండి. చావు వాద్యమనీ కులం గుర్తనీ దాన్ని చాలా చర్చిల గడప బయటే ఉంచారు. అవమానం పడలేక మన తాతలే కొందరు దాన్ని అటకెక్కించారు. మదురైలో తమిళనాడు థియొలాజికల్ సెమినరీలో బోధించిన జేమ్స్ థియోఫిలస్ అప్పావు, అందరికీ పరట్టై అన్నన్, ఏకంగా ఆరాధన క్రమాన్నే పల్లె బాణీల్లో కట్టారు. 2005లో చనిపోయారు. తెలుగులో అంత పని ఇంకా మిగిలే ఉందని నా అభిప్రాయం. పలక రికార్డు చేసేటప్పుడు ముందు మంట దగ్గర కాచండి, తోలు బిగిసి శ్రుతి పెరుగుతుంది. మైకు నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి. పాట మధ్యలో తోలు చల్లారి శ్రుతి జారుతుంది, మళ్లీ కాచాల్సిందే.

రికార్డింగుకు గది ముఖ్యం. చర్చి హాలు గోడలు ఎదురెదురుగా ఉండి ధ్వని మోగుతుంది, ఆ మోతను తర్వాత తీసేయలేం. బట్టలు, పరుపులు, బొంతలు ఉన్న పడకగది మేలు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపండి. రైలు పట్టాల పక్క ఇళ్లవాళ్లు తెల్లవారుజామున లోకల్ బండ్లు లేని సందు చూసుకోండి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచండి. ఊపిరి నేరుగా తగలదు. లెవెల్ గీత ఎర్రగా మారితే ఆ ముక్క పాడైనట్టే. మైనస్ 12 దగ్గర ఆడేలా చూసుకోండి. తక్కువైతే పెంచుకోవచ్చు, పగిలితే అతకలేం. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు ఎంచుకుంటే ఒక ట్రాక్‌కు నిమిషానికి సుమారు 8.6 మెగాబైట్లు. నాలుగు నిమిషాల పాట 35 మెగాబైట్లు. వాట్సాప్‌లో పంపి అసలు ఫైలు చెరిపేయకండి, అసలుది రెండు చోట్ల దాచండి.

మిక్సింగులో ఒక్క హెచ్చరిక. 1997లో ఆటో-ట్యూన్ వచ్చినప్పటి నుంచి గొంతును మెట్టు మీదికి లాగడం తేలికైంది. అవ్వ గొంతులో గమకం మెట్టుకీ మెట్టుకీ మధ్యే ఆడుతుంది. దాన్ని గట్టిగా బిగిస్తే మిగిలేది పాట చచ్చిన స్వరాలు.

పాడినవాళ్ల పేరు పెట్టడం మన దయ కాదు. కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012 సవరణతో పాడినవాళ్లకు తమ పేరు చెప్పించుకునే హక్కు వచ్చింది. పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి రాయల్టీలో సమాన వాటా ఉంది. ఆ వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికి రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు. హక్కులు బదిలీ చేసే కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్లని లెక్క. "దేవుని పని కదా, సంతకం పెట్టమ్మా" అనే చోట ఈ సంగతి గుర్తుంచుకోండి.

మైకు అడిగిన తమ్ముడు వెనక వరసలో నవ్వుతున్నాడు. మొదటి పది పాటలకు నీ ఫోను చాలు నాయనా. తర్వాత డబ్బు చేరితే ఒక మామూలు డైనమిక్ మైకు, ఒక చిన్న ఇంటర్‌ఫేస్ తీసుకో. బొంత మాత్రం ఇంట్లోదే వాడు.

ఇప్పుడు కీబోర్డు ముందుకు జరపండి. ఒక్కొక్కరి శ్రుతి కనుక్కుని పేరు పక్కన రాసుకుందాం. ముందు చెల్లెళ్లు రండి.